కంటి శిబిరం కరపత్రం తయారుచేస్తూ డిజైన్ మాటలు నేర్చుకోవడం ఎలా

మీ ఊళ్లో ఉచిత కంటి పరీక్షల శిబిరం జరగబోతోంది. కరపత్రం, ఒక ఫ్లెక్సీ, ఫోన్‌లో పేరు నమోదు చేసుకునే చిన్న ఫారం, ఈ మూడూ తయారుచేసే పని మీ మీద పడింది. ప్రెస్‌కు వెళ్తే "బ్లీడ్ ఇచ్చారా? కర్వ్స్ చేశారా? ఇది ఆర్‌జీబీలో ఉన్నట్టుందే?" అని అడుగుతారు. వెబ్ పని తెలిసినవాళ్లేమో వైర్‌ఫ్రేమ్, కాంట్రాస్ట్ అంటారు. ఆ మాటలు తెలియక టెన్షన్ పడి చాలామంది పనంతా డీటీపీ ఆపరేటర్‌కే వదిలేస్తారు. అక్కర్లేదు. ఒక్క పనిని మొదటి నుంచి చివరి దాకా మీ చేత్తో చేస్తే ఈ మాటలన్నీ వాటంతట అవే పట్టుబడతాయి.

కంటి శిబిరాన్నే తీసుకోవడానికి కారణం ఉంది. ఈ కాగితం చదవాల్సినవాళ్లకు చూపు సరిగా ఆనదు. కాబట్టి ప్రతి నిర్ణయం దగ్గరా "శుక్లాలున్న 65 ఏళ్ల మనిషి దీన్ని చదవగలరా?" అని అడగొచ్చు, జవాబు వెంటనే తెలుస్తుంది. ఇంకో సంగతి. ఈ రంగంలోని కొలతలు చాలావరకు రోమన్ అక్షరాలను చూసి పెట్టినవి. పైన గుడి, కింద వత్తు ఉండే మన లిపికి అవి ఉన్నవి ఉన్నట్టుగా సరిపోవు. ఎక్కడ మార్చుకోవాలో ఆయా చోట్ల చెబుతాను.

1. ముందు మాటలు రాసుకోండి, తర్వాతే కంప్యూటర్

తెల్ల కాగితం మీద చదివేవాళ్లకు కావలసినవి రాయండి: ఏం జరుగుతోంది, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎవరు రావచ్చు, ఏం తెచ్చుకోవాలి (పాత కళ్లజోడు, వాడుతున్న మందుల చీటీ), ఏ నంబరుకు ఫోన్ చేయాలి. ఇప్పుడు వాటికి 1, 2, 3 అని అంకెలు వేయండి. ముందు కనపడాల్సినది 1, ఆ తర్వాతిది 2, ఆసక్తి ఉన్నవాళ్లు దగ్గర పెట్టుకుని చదివేది 3. డిజైనర్లు విజువల్ హైరార్కీ అనేది దీన్నే. కంటికి ఒక వరస ఏర్పాటు చేయడం.

ఇంగ్లిష్‌లో ఈ వరసకు పెద్దబడి అక్షరాలు సాయపడతాయి, ఇటాలిక్ ఉంది. తెలుగుకు పెద్దబడి లేదు. మన అక్షరాలను పక్కకు వంచితే అందం పోవడమే కాక చదవడమూ కష్టమవుతుంది. మన చేతిలో ఉన్నవి నాలుగే: సైజు, వెయిట్ అంటే గీత మందం, రంగు, చుట్టూ వదిలే ఖాళీ. ఈ నాలుగింటినీ ఒకే మాట మీద ఒకేసారి వాడకండి. 1వ అంకె వేసినదానికి సైజు, మందం ఇవ్వండి. 2వ దానికి మందం చాలు.

ముఖ్య అతిథుల ఫొటోల గురించి కమిటీతో ఇప్పుడే మాట్లాడండి. ముందు వైపు ఆరు ముఖాలు పెడితే తేదీ కనపడదు. దాతల పేర్లు, ఫొటోలు వెనక పేజీలో మర్యాదగా, విశాలంగా వేద్దామని చెబితే చాలామంది ఒప్పుకుంటారు. డిజైన్ అంతా అయ్యాక చెబితే మనసు నొచ్చుకుంటారు.

2. కాగితం కొలతలు పెట్టుకోండి

కరపత్రానికి ఏ5 సరిపోతుంది. అది 148 మిల్లీమీటర్ల వెడల్పు, 210 మిల్లీమీటర్ల ఎత్తు, ఏ4లో సరిగ్గా సగం. కొత్త ఫైలు తెరవగానే మూడు అంకెలు నింపాలి.

మొదటిది బ్లీడ్. ప్రెస్‌లో కాగితాలను దొంతరగా పెట్టి ఒకేసారి కోస్తారు. కత్తి ఒక వెంట్రుకవాసి పక్కకు పడినా, అంచు దాకా ఉన్న రంగు పక్కన తెల్లగీత కనిపిస్తుంది. అందుకని రంగును కోత గీత దాటి నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు పొడిగిస్తారు. అప్పుడు ఫైలు సైజు 154 × 216 అవుతుంది. రెండోది మార్జిన్, అంటే అంచు నుంచి లోపలికి అక్షరాలు రాకూడని చోటు. 12 మిల్లీమీటర్లు పెట్టండి. మూడోది గ్రిడ్. పేజీని కంటికి కనపడని నిలువు పట్టీలుగా విభజించి, ప్రతి వస్తువునూ వాటి అంచులకే ఆనించడం. ఏ5కు రెండు పట్టీలు చాలు. తేదీ, సమయం ఎడమ పట్టీలో, స్థలం కుడి పట్టీలో పెడితే పేజీ దానంతటదే కుదురుకుంటుంది.

కలర్ మోడ్‌ను కూడా ఇక్కడే ఎంచుకోండి. తెర మీద రంగులు ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతుల కలయిక, అది ఆర్‌జీబీ. అచ్చులో సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాలు, అది సీఎంవైకే. తెర మీద మెరిసే ఆకుపచ్చ, నారింజ రంగుల్లో కొన్ని సిరాకు అందవు. మొదటి నుంచీ సీఎంవైకేలో పనిచేస్తే అచ్చయ్యాక "రంగు చప్పగా వచ్చిందే" అనుకునే బాధ తగ్గుతుంది.

3. ఫాంట్ ఎంచుకోండి

ఇక్కడ తొందరపడకండి. మొదట తేల్చుకోవాల్సింది యూనికోడ్ ఫాంటా, పాత పద్ధతి ఫాంటా అన్నది. యూనికోడ్ అంటే ప్రతి భాషలోని ప్రతి అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే పద్ధతి. మన డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో, పేజ్‌మేకర్‌తో ఏళ్ల తరబడి పని జరిగింది. ఆ ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చి పెట్టుకున్నాయి. అందుకే అక్కడి మేటర్‌ను వాట్సాప్‌లో పేస్ట్ చేస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల కలగాపులగం కనిపిస్తుంది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001లో వచ్చింది, దానికి యూనికోడ్ తెలియదు. కరపత్రం, ఫ్లెక్సీ, ఫోన్ ఫారం మూడింటికీ ఒకే మేటర్ వాడాలంటే యూనికోడ్‌లోనే టైప్ చేయండి. ఒకసారి దిద్దిన తప్పు మూడు చోట్లా మళ్లీ దిద్దే పని ఉండదు.

యూనికోడ్‌లో "క్ష" అని ఒక బొమ్మ దాగి ఉండదు. క, పొల్లు, ష అనే వరస ఉంటుంది. దాన్ని మనకు తెలిసిన రూపంలోకి మార్చేది ఫాంట్‌లోని ఓపెన్‌టైప్ నియమాలు (ఏ అక్షరాలు ఎలా కలవాలో చెప్పేవి), వాటిని చదివే సాఫ్ట్‌వేర్. ఈ పనిని షేపింగ్ అంటారు. షేపింగ్ లేకపోతే వత్తులు విడిపోయి, గుడులు పక్కకు జారి కనిపిస్తాయి. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో అలా కనిపిస్తే పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోండి. ఫొటోషాప్ పాత వెర్షన్లలో అయితే టైప్ ప్రిఫరెన్సెస్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్ ఉంటుంది. డబ్బు పెట్టలేనివాళ్లకు ఇంక్‌స్కేప్, స్క్రైబస్ ఉచితం, తెలుగును బాగానే చూపిస్తాయి.

ఉచిత యూనికోడ్ ఫాంట్లకు ఇప్పుడు కొరత లేదు. సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి, ఎన్టీఆర్, రామభద్ర, సూరన్న వంటివి, నోటో శాన్స్ తెలుగు, నోటో సెరిఫ్ తెలుగు, అనేక్ తెలుగు, ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. అచ్చుకూ వెబ్‌కూ వాడుకునే హక్కు వాటి లైసెన్స్‌లోనే ఉంది. ఫాంట్‌కు లైసెన్స్ ఉంటుందన్న సంగతి గుర్తుంచుకోండి. ఎక్కడో దొరికింది కదా అని వాడేయకండి, దాన్ని గీసినవాళ్ల శ్రమ అది.

రెండు రకాలను వేరు చేసి చూడండి. డిస్‌ప్లే ఫాంట్ శీర్షికకు, టెక్స్ట్ ఫాంట్ చదివే మేటర్‌కు. రామభద్ర లావుగా ఉండి శీర్షికకు నప్పుతుంది. దాన్నే 12 పాయింట్లలో పేరా అంతా వాడితే అక్షరాల లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. ఆ లోపలి ఖాళీనే కౌంటర్ అంటారు. రోమన్‌లో సెరిఫ్, శాన్స్ సెరిఫ్ అని చేసే విభజన మనకు అంతగా పనికిరాదు. మీరు చూడాల్సింది గీత మందంలో తేడా, అంటే స్ట్రోక్ కాంట్రాస్ట్. నోటో సెరిఫ్‌లో గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం. నోటో శాన్స్‌లో దాదాపు సమానం. చూపు మందగించినవాళ్లకు సన్నని భాగాలు ముందుగా మాయమవుతాయి. కాబట్టి మన కరపత్రానికి సమానమైన గీతే మంచిది.

ఎంచుకున్న ఫాంట్‌లో ఈ మాటలు టైప్ చేసి, అచ్చు తీసి చూడండి: రాష్ట్రం, స్త్రీ, స్వాతంత్ర్యం, లక్ష్మి, కృష్ణ, జ్యోత్స్న. వత్తు కింద వత్తు ఎలా సర్దుకుందో తెలుస్తుంది. తర్వాత జంటలు: ద, ధ, థ. ప, వ. మ, య. బ, భ. థ లోపలి చుక్క మీరు అచ్చు వేయబోయే సైజులో కనపడకపోతే ఆ ఫాంట్ వదిలేయండి. అంకెలు కూడా చూడండి, ఫోన్ నంబరు మీ కరపత్రానికి ప్రాణం.

పాయింట్ అంటే అంగుళంలో 72వ వంతు. అయితే పాయింట్ సైజు అక్షరం ఎత్తును కొలవదు, అక్షరం కూర్చున్న చట్రాన్ని కొలుస్తుంది. అందుకే రెండు ఫాంట్లను ఒకే 14 పాయింట్లలో పెట్టినా ఒకటి చిన్నగా, ఒకటి పెద్దగా కనిపిస్తుంది. అంకెను నమ్మకండి, అచ్చు తీసిన కాగితాన్ని చేతి దూరంలో పట్టుకుని చూడండి. పెద్దవాళ్లు చదివే కరపత్రానికి 14తో మొదలుపెట్టి అవసరమైతే పెంచండి.

4. అక్షరాలను కూర్చండి

పనిలో అసలు విషయం ఇదే. రంగులు, బొమ్మలు ఎంత బాగున్నా అక్షరాల కూర్పు చెడితే కరపత్రం చదవబుద్ధి కాదు.

లీడింగ్ అంటే ఒక లైను అడుగు గీత నుంచి తర్వాతి లైను అడుగు గీతకు ఉన్న దూరం. అక్షరాలు నిలబడే ఆ కనపడని గీత బేస్‌లైన్. చాలా సాఫ్ట్‌వేర్లు లీడింగ్‌ను సైజుకు 120 శాతంగా తీసుకుంటాయి. 14 పాయింట్లకు 16.8 అన్నమాట. తెలుగులో అది చాలదు. పై లైనులోని "ష్ట్ర" కింది లైనులోని "కీ" మీద కూర్చుంటుంది. సైజుకు ఒకటిన్నర రెట్ల కంటే తగ్గకుండా, 14కు 22 పాయింట్లు ఇవ్వండి. వత్తులు ఎక్కువున్న శీర్షిక రెండు లైన్లుగా వస్తే అక్కడ కూడా ఆ ఖాళీని దయచేసి నొక్కేయకండి.

ఇప్పుడు చిన్న లెక్క. ఏ5 ఎత్తులోంచి మార్జిన్లు తీస్తే 186 మిల్లీమీటర్లు మిగులుతుంది. 22 పాయింట్లు అంటే దాదాపు 7.8 మిల్లీమీటర్లు. పేజీ మొత్తానికి 24 లైన్లు కూడా పట్టీ పట్టనట్టు పడతాయి. శీర్షిక, తేదీ మూడో వంతు తీసుకుంటే చదివే మేటర్‌కు 15, 16 లైన్లే మిగులుతాయి. మేటర్ పట్టలేదని సైజు, లీడింగ్ తగ్గించడం అందరూ చేసే పని. అలా చేయకండి. "ఈ సదవకాశాన్ని ప్రజలందరూ సద్వినియోగం చేసుకోవలసిందిగా కోరుతున్నాము" అన్న వాక్యం తీసేయండి, రెండు లైన్లు దొరుకుతాయి.

కెర్నింగ్ రెండు ఫలానా అక్షరాల మధ్య ఖాళీని సరిచేయడం. ట్రాకింగ్ మొత్తం మాటకో వాక్యానికో ఒకే తీరున ఖాళీ పెంచడం, తగ్గించడం. ఇంగ్లిష్ పోస్టర్లలో పెద్దబడి అక్షరాలను దూరదూరంగా పరుస్తారు, చూడటానికి బాగుంటుంది. దాన్ని చూసి తెలుగులో చేయకండి. కొన్ని సాఫ్ట్‌వేర్లలో వత్తు దాని అక్షరాన్ని విడిచి వెళ్లిపోతుంది. విడిపోకపోయినా మాట ముక్కలై కనిపిస్తుంది. తెలుగుకు ట్రాకింగ్ సున్నా దగ్గరే ఉంచండి.

అలైన్‌మెంట్ విషయంలో ఎడమ వైపు సమానంగా ఉంచి కుడి వైపు వదిలేయండి. రెండు వైపులా సమానం చేయడాన్ని జస్టిఫై అంటారు. మన మాటలు పొడుగు: "చేయించుకోవాలనుకునేవారు" అన్నది ఒకటే మాట. సన్నని కాలమ్‌లో అలాంటి మాట కింది లైనుకు పోతే పై లైనులో మిగిలిన రెండు మాటల మధ్య పెద్ద సందులు పడతాయి. అవి లైను తర్వాత లైనులో ఒకదాని కింద ఒకటి వస్తే రివర్ అంటారు. అంతా మధ్యకు సర్దడం శుభలేఖకు బాగుంటుంది. మూడు లైన్లు దాటిన మేటర్‌కు బాగుండదు, కన్ను ప్రతిసారీ లైను మొదలును వెతుక్కోవాలి.

ఇంగ్లిష్ నుంచి వచ్చిన మాటల్లో ఒక చిక్కు ఉంది. "ఫేస్‌బుక్" అని టైప్ చేస్తే కొన్నిసార్లు స కింద బ వత్తు పడి "ఫేస్బుక్" అవుతుంది. పొల్లు అలాగే నిలవాలంటే పొల్లు తర్వాత నాన్ జాయినర్ అనే కనపడని గుర్తు పెట్టాలి. ఇన్‌డిజైన్‌లో టైప్ మెనూలోని ఇన్‌సర్ట్ స్పెషల్ క్యారెక్టర్, దానిలో అదర్ కింద ఇది దొరుకుతుంది. ఆసుపత్రి పేరులో, ఊరి పేరులో ఈ తప్పు పడితే బాగుండదు, ఒక్కొక్కటీ చూసుకోండి.

5. రంగు, బొమ్మ

కాంట్రాస్ట్ అంటే అక్షరం వెలుగుకూ వెనక రంగు వెలుగుకూ ఉన్న తేడా. వెబ్ కోసం చేసిన డబ్ల్యూసీఏజీ ప్రమాణం మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5కు 1 నిష్పత్తి ఉండాలంటుంది, పెద్ద అక్షరాలకు 3కు 1. ఉచితంగా లెక్కకట్టే పేజీలు బోలెడున్నాయి. మనకు బాగా అలవాటైన పసుపు మీద ఎరుపు ఎంతో తెలుసా? నిండు రంగులైనా 3.7 దగ్గరే ఆగిపోతుంది. శీర్షికకు ఫర్వాలేదు, ఫోన్ నంబరుకు వద్దు. అదే పసుపు మీద నలుపు 19 దాటుతుంది. తెలుపు మీద ముదురు నీలం కూడా 16 దాకా వస్తుంది.

చిన్న అక్షరాలను నలుపు సిరా ఒక్కదానితోనే వేయించండి. నాలుగు సిరాలు కలిపి నలుపు చేస్తే, ఒక్కో సిరాను అచ్చేసే ప్లేట్లు కాస్త అటూ ఇటూ జరిగినప్పుడు వత్తుల చుట్టూ రంగు నీడలు వస్తాయి.

ఫొటో చుక్కలతో తయారయ్యే రాస్టర్ బొమ్మ. పెద్దది చేస్తే పగులుతుంది. లోగోను గీతలతో చేసిన వెక్టర్‌గా అడిగి తీసుకోండి, ఎంత పెంచినా చెడదు. అచ్చుకు ఫొటో అంగుళానికి 300 పిక్సెళ్లు ఉండాలి. 6 అంగుళాల వెడల్పున వేయాలంటే 1800 పిక్సెళ్లు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోతుంది, డాక్యుమెంట్‌గా పంపమని చెప్పండి.

6. ప్రెస్‌కు, ఫ్లెక్సీకి

ఫైలును పీడీఎఫ్‌గా, ఫాంట్లు అందులోనే పొందుపరిచి, బ్లీడ్‌తో సహా ఎగుమతి చేయండి. ఫ్లెక్సీ షాపులో కోరల్‌డ్రా ఫైలే కావాలంటే అక్షరాలను కర్వ్స్‌గా మార్చి ఇవ్వండి. అంటే అక్షరం ఇక అక్షరంగా ఉండదు, గీత బొమ్మ అవుతుంది. వాళ్ల కంప్యూటర్‌లో మీ ఫాంట్ లేకపోయినా చెదరదు. మార్చాక మళ్లీ దిద్దలేరు కాబట్టి అసలు ఫైలు విడిగా దాచుకోండి.

ప్రూఫ్‌ను తెర మీద చూసి ఓకే చేయకండి. కాగితం మీద, ఈ మేటర్‌ను ఇంతవరకు చూడని ఒకరి చేత పైకి చదివించండి. ఫోన్ నంబరుకు డయల్ చేసి చూడండి.

ఫ్లెక్సీ సంగతి వేరు. 6 × 4 అడుగుల ఫ్లెక్సీకి అంగుళానికి 100 పిక్సెళ్లు చాలు, దూరం నుంచి చూస్తారు కాబట్టి. బోర్డుల పనిలో ఒక లెక్క ఉంది: ప్రతి 10 అడుగుల దూరానికి ఒక అంగుళం అక్షరం. రోడ్డుకు అవతల, 40 అడుగుల నుంచి చదవాలంటే 4 అంగుళాలు. తెలుగులో ఆ 4 అంగుళాలను గుడి, వత్తు వదిలేసి అసలు అక్షరానికి మాత్రమే లెక్కేయండి. దాని ప్రకారం చూస్తే ఫ్లెక్సీ మీద శిబిరం పేరు, తేదీ, స్థలం తప్ప ఇంకేమీ పట్టవు. అంతే ఉండాలి కూడా.

7. ఫోన్‌లో నమోదు ఫారం

1990ల్లో యాపిల్‌లో పనిచేసిన డాన్ నార్మన్ యూజర్ ఎక్స్‌పీరియెన్స్ అన్న మాటను వాడుకలోకి తెచ్చారు. తెర ఒక్కటే కాదు, మనిషికి ఆ సేవతో ఎదురయ్యే ప్రతిదీ అందులోకి వస్తుందన్నది ఆయన ఉద్దేశం. ఆ లెక్కన శిబిరంలో టోకెన్ ఇచ్చే బల్ల కూడా మీ డిజైన్‌లో భాగమే.

ముందు వైర్‌ఫ్రేమ్ గీయండి. రంగులు, ఫాంట్లు లేకుండా ఏ గడి ఎక్కడ ఉండాలో చూపే పెన్సిల్ గీతలు. గీసేటప్పుడు ఫారం నింపేది ఎవరో ఆలోచించండి. చూపు ఆనని తాతగారు నింపరు. మనవరాలు నింపుతుంది. కాబట్టి గడి మీద "మీ పేరు" అని రాస్తే ఆమె తన పేరు రాసే ప్రమాదం ఉంది. "పరీక్ష చేయించుకునేవారి పేరు" అని రాయండి. పుట్టిన తేదీ అడగకండి, వయసు అడగండి. ఒకే ఫోన్ నంబరు మీద ఇంట్లో నలుగురి పేర్లు రావచ్చు, ఫారం వాటిని తిప్పికొట్టకూడదు. పేరు, వయసు, ఫోన్, ఈ మూడూ చాలు.

లేబుల్ గడి పైన స్థిరంగా ఉండాలి. గడి లోపల లేత బూడిద రంగులో రాస్తే టైప్ చేయగానే మాయమవుతుంది, దాన్ని ప్లేస్‌హోల్డర్ అంటారు, లేబుల్ బదులు అది పనికిరాదు. ఫోన్ గడి ముట్టుకోగానే అంకెల కీబోర్డు రావాలి. బటన్ మీద "సమర్పించండి" బదులు "పేరు నమోదు చేయండి" అని ఏం జరుగుతుందో చెప్పండి. తెలుగు లేబుల్ ఇంగ్లిష్ కంటే పొడుగు, బటన్ వెడల్పు దానికి తగ్గట్టు పెరిగేలా చూడండి, చివర చుక్కలు పడనివ్వకండి. వేలు ఆనే చోటు కనీసం 48 డీపీ (ఫోన్ తెరల కొలతకు వాడే యూనిట్) ఉండాలని గూగుల్ సూచన, తెర మీద సుమారు 9 మిల్లీమీటర్లు. అక్షరాలు 18 పిక్సెళ్లకు, లైన్ హైట్ (లీడింగ్‌కు వెబ్‌లో వాడే మాట) 1.6కు తగ్గనివ్వకండి.

తప్పు పడితే వచ్చే సందేశం ఎర్రర్ మెసేజ్. "చెల్లని ఇన్‌పుట్" అంటే ఎవరికి అర్థమవుతుంది? "ఫోన్ నంబరులో 10 అంకెలు ఉండాలి, ఇక్కడ 9 ఉన్నాయి" అని ఆ గడి కిందే చెప్పండి. నమోదు అయ్యాక తేదీ, సమయం, స్థలం, తెచ్చుకోవాల్సినవి ఒకే తెర మీద పెద్దగా చూపించండి, స్క్రీన్‌షాట్ తీసుకుంటారు.

కరపత్రం మీద ఈ ఫారానికి క్యూఆర్ కోడ్ పెడితే 25 మిల్లీమీటర్ల చదరం, తెలుపు మీద నలుపు. చుట్టూ నాలుగు చిన్న గళ్లంత తెల్లచోటు తప్పనిసరి. పక్కనే ఫోన్ నంబరు అంతకంటే పెద్దగా ఉండాలి, స్మార్ట్‌ఫోన్ లేని ఇళ్లకు అదే దారి.

చివరగా యూజబిలిటీ టెస్ట్. ఐదుగురిని కూర్చోబెట్టి ఫారం ఇచ్చి, "మీ ఇంట్లో పెద్దవాళ్ల పేరు నమోదు చేయండి" అని మాత్రం చెప్పి పక్కన నిశ్శబ్దంగా చూడండి. సాయం చేయాలని ఎంత అనిపించినా చేయకండి. ఎక్కడ ఆగారో, ఎక్కడ వెనక్కి వెళ్లారో రాసుకోండి. ఇద్దరు ఒకేచోట ఆగితే అక్కడ తప్పు ఫారానిదే. దాన్ని మార్చాక, ఆ మాటనే కరపత్రంలో కూడా వాడి ఉంటే ప్రెస్‌కు ఇచ్చేముందు అక్కడా మార్చండి. అందుకే ఈ పరీక్షను అచ్చుకు రెండు రోజుల ముందే పెట్టుకోవడం మంచిది.